మూలికల కొట్టులో టీఎల్‌సీ ప్లేట్లు: మెర్క్ సిలికా జెల్ 60 ఎఫ్254 మీద నా అభిప్రాయం

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో మాది మూలికల కొట్టు. తాత పెట్టాడు, నాయన నడుపుతున్నాడు. ఎం.ఫార్మసీలో ఫార్మకాగ్నసీ, అంటే మూలికా మందుల శాస్త్రం చదివి వచ్చినప్పటి నుంచి సరుకు కొనేటప్పుడు నాయన పక్కన నేనూ కూర్చుంటున్నా. మేం అమ్మే సరుకులో సగానికి పైగా వేళ్లే. సుగంధిపాల, అశ్వగంధ, చిత్రమూలం, పిల్లిపీచర, వట్టివేళ్లు. వేరు పొడి కాకుండా ఉన్నంతసేపు నాయన కంటిని దాటిపోయేది తక్కువ. పొడి అయి గోతంలోకి చేరిందంటే ఎవరి కంటికైనా అన్నీ ఒకే మట్టిరంగు. అందుకే కొట్టు వెనక గదిలో ఒక మూల టీఎల్‌సీకి వదిలాం. అంటే థిన్ లేయర్ క్రొమటోగ్రఫీ, పలచటి పూత ఉన్న ప్లేటు మీద ద్రావకం పైకి ఎక్కుతూ సారంలోని రసాయనాలను వేర్వేరు ఎత్తుల్లో చుక్కలుగా విడదీసే పరీక్ష. వాడేది జర్మనీ కంపెనీ మెర్క్ వాళ్ల సిలికా జెల్ 60 ఎఫ్254, అల్యూమినియం రేకు మీద పూత ఉన్నది. మూలికలు కొని అమ్మేవాళ్లు, షర్బత్ కాచేవాళ్లు, చిన్న ఆయుర్వేద మందుల యూనిట్ల వాళ్లు దీని సంగతి అడుగుతున్నారు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నా.

ముందు సరుకు గురించి. పెట్టెలో 20 సెంటీమీటర్ల చదరపు రేకులు 25 ఉంటాయి. రేకు మీద 0.2 మిల్లీమీటర్ల మందాన సిలికా పూత. పేరులోని 60 సిలికా రంధ్రాల కొలత, 60 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఎఫ్254 అంటే 254 నానోమీటర్ల అతినీలలోహిత దీపం కింద పెడితే పూతంతా ఆకుపచ్చగా మెరిసే పదార్థం అందులో కలిపి ఉందని. ఆ వెలుగును పీల్చుకునే రసాయనం ఎక్కడుంటే అక్కడ నల్లటి చుక్క కనిపిస్తుంది. సుగంధిపాల వాసన పదార్థం అట్ట పీల్చుకునేదే, అందుకే మాకు ఈ రకం ప్లేటు తప్పనిసరి. ఎఫ్254 లేని ప్లేట్లు కాస్త చవకగా దొరుకుతాయి గానీ వేళ్ల పనికి వాటిని కొనొద్దు.

రేకును మామూలు కత్తెరతో కోసుకోవచ్చు. 5 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల పొడవున కోస్తే ఒక్కో రేకుకు 8 ముక్కలు, పెట్టెకు 200. పెట్టె ధర వేలల్లో ఉంటుంది, మొదటిసారి బిల్లు చూసి నాయన నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తే. ముక్కకు లెక్కేసుకుంటే మాత్రం ఒక గోతం సరుకు మంచిచెడ్డ తేల్చుకోవడానికి అది పెద్ద ఖర్చు కాదు. కాలేజీలో మేం గాజు పలకల మీద సిలికా పిండి కలిపి చేత్తో పూసేవాళ్లం. ఒకచోట మందం, ఒకచోట పలచన, ద్రావకం వంకరగా ఎక్కేది. ఈ ప్లేట్లలో ఆ బాధ లేదు. పూత గట్టిగా అంటుకుని ఉంటుంది, పెన్సిలుతో తేలిగ్గా గీత గీసినా లేచిరాదు. కత్తెర మొండిదైతే అంచుల్లో మాత్రం పూత రాలుతుంది, అక్కడ ద్రావకం అంచు వెంబడి ముందుకు పరిగెత్తి చుక్కల్ని పక్కకు లాగుతుంది. పదునైన కత్తెర ఒకటి ఈ పనికే పెట్టుకోండి. అంచుకు అర సెంటీమీటరు లోపల మొదటి చుక్క పెట్టండి.

ఇక మా ప్రాంతానికి అసలు అక్కరైన సంగతి, సుగంధిపాల.

ఉదయగిరి, సీతారామపురం వైపు వెలిగొండల నుంచి మాకు వేళ్లు వస్తాయి. ఎండాకాలం ముందు షర్బత్ వాళ్ల గిరాకీ మొదలవుతుంది, రోహిణి కార్తె దాటేదాకా ఊపిరి ఆడదు. బజారులో నన్నారి అనే మాట కింద రెండు వేళ్లు తిరుగుతుంటాయి. ఒకటి సుగంధిపాల, శాస్త్రీయ నామం హెమిడెస్మస్ ఇండికస్. తీగ వేరు, సన్నం, గట్టి, ముదురు గోధుమ తొక్క మీద అడ్డంగా పగుళ్లు. రెండోది మారెడు గడ్డ, డెకాలెపిస్ హామిల్టోనీ. వేలంత లావు, ఒక్కోసారి ఇంకా లావు, కండ ఎక్కువ, మధ్యలో కొయ్య ఈనె. ఊరగాయ పెట్టేది దీన్నే. మందుల ప్రమాణాలు చెప్పే ఆయుర్వేద ఫార్మకోపియాలో శ్వేత సారిబ అంటే హెమిడెస్మస్ వేరే, కాబట్టి మందుల వాళ్లకు మారెడు గడ్డ ఇస్తే అది తప్పుడు సరుకు. షర్బత్‌కు రెండూ వాడతారు. మారెడు గడ్డ మాత్రం దక్షిణ భారతంలోని కొండల్లో తప్ప మరెక్కడా పెరగదు. తవ్వకాలు ఎక్కువై అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాకెక్కింది. గడ్డను మొత్తం పీకేస్తే ఆ తీగ పోయినట్టే. అది తెలిసి కూడా సుగంధిపాల పేరు పెట్టి అమ్మడం నాకు మింగుడుపడని విషయం.

చిక్కెక్కడంటే రెండింటి వాసనా ఒకటే. రెండింటిలోనూ ఆ కమ్మటి వాసనకు ప్రధాన కారణం 2-హైడ్రాక్సీ-4-మిథాక్సీబెంజాల్డిహైడ్ అనే పదార్థం. పొడి చేసి ముక్కు దగ్గర పెట్టుకుంటే తేడా తెలియదు. ప్లేటు మీద ఆ ఒక్క చుక్కే చూసినా తెలియదు, రెండింటిలోనూ అది ఒకే ఎత్తున వస్తుంది. "చుక్క వచ్చింది కాబట్టి సుగంధిపాలే" అని రిపోర్టు రాసేవాళ్లున్నారు. హైదరాబాదులో ఒక ల్యాబుకు మేం పంపిన నమూనాకు అట్టాంటి రిపోర్టే వచ్చింది. ఒక పేజీ, కింద ముద్ర, "సరిపోయింది" అనే మాట. ప్లేటు ఫొటో లేదు, పక్కన ఏ వేరుతో పోల్చారో లేదు. ఫీజు మాత్రం పూర్తిగా తీసుకున్నారు. వేళ్ల పరీక్ష రిపోర్టులో ఫొటో లేకపోతే డబ్బు కట్టొద్దని ఎవరు అడిగినా చెబుతాను.

ఎందుకంటే ఈ పరీక్షకు ప్రాణం పోలికలో ఉంది. ప్లేటు మీద ఒంటరిగా నడిచిన నమూనా ఏమీ చెప్పదు. పక్కపక్కనే మూడు చుక్కలు పెట్టాలి: ఇది సుగంధిపాలే అని తీగ, ఆకు చూసి మన చేత్తో తవ్విన వేరు సారం ఒకటి, అట్టాగే తెలిసిన మారెడు గడ్డ సారం ఒకటి, అనుమానం ఉన్న సరుకు సారం ఒకటి. అప్పుడు చూడాల్సింది వాసన చుక్క ఒక్కటే కాదు, కింది నుంచి పైదాకా ఉన్న వరుస మొత్తం. ఏ ఎత్తున ఏ రంగు, ఎంత చిక్కగా. ఆ వరుసలో రెండు వేళ్లూ విడిపోతాయి. మా దగ్గర ఇట్టా పోల్చుకోవడానికి పెట్టుకున్న నమూనా వేళ్లు గాజు సీసాల్లో, తవ్విన చోటు, నెల రాసి ఉంటాయి. ఉదయగిరి కొండ దగ్గర వేళ్లు తెచ్చే యానాది పెద్దాయన ఒకాయన తీగతో సహా తెచ్చి ఇచ్చాడు. ప్లేటు పెట్టె ఎవరైనా డబ్బు పెట్టి కొంటారు, ఆ సీసా అట్ట కొనడానికి దొరకదు. ప్లేట్లు కొనాలనుకునే వాళ్లు ముందు ఆ సీసా సంపాదించుకోండి.

చేసే పద్ధతి పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. వేరు పొడి ఒక గ్రాము, మిథనాల్ 10 మిల్లీలీటర్లు, మూత పెట్టి గోరువెచ్చని నీళ్ల మీద కాసేపు. మూత ఎందుకంటే వాసన పదార్థం ఆవిరితో పాటు లేచిపోయే రకం. వడగట్టి, సన్నని గాజు గొట్టంతో ప్లేటు అడుగు నుంచి ఒక సెంటీమీటరు పైన చుక్క పెట్టాలి. ద్రావకం టొలీన్ 9 పాళ్లు, ఇథైల్ ఎసిటేట్ ఒక పాలు. గాజు డబ్బాలో వడపోత కాగితం నిలబెట్టి, ద్రావకం పోసి, మూత పెట్టి, లోపల ఆవిరి నిండేదాకా ఆగి అప్పుడు ప్లేటు దించాలి. ద్రావకం 8 సెంటీమీటర్లు ఎక్కగానే తీసి చల్లగాలికి ఆరబెట్టాలి. జుట్టు ఆరబెట్టే మిషన్‌తో వేడిగాలి కొడితే వాసన చుక్క పలచబడుతుంది. ఆరాక 254 దీపం కింద నల్ల చుక్కలు, 366 నానోమీటర్ల దీపం కింద మెరిసే చుక్కలు గుర్తు పెట్టుకుని ఫొటో తీయాలి. చివర్లో ఆనిసాల్డిహైడ్, సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన ద్రావణం చల్లి 105 డిగ్రీల దగ్గర కొన్ని నిమిషాలు వేడిచేస్తే లుపియోల్ లాంటి ట్రైటెర్పీన్లనే వేరు పదార్థాలు ఊదారంగుకు తిరుగుతాయి. అల్యూమినియం కాబట్టి ఆమ్లం తడిసి కారేలా చల్లకూడదు, మంచులా పడితే చాలు. చుక్క ఎక్కిన దూరాన్ని ద్రావకం ఎక్కిన దూరంతో భాగిస్తే వచ్చేది ఆర్ఎఫ్ విలువ.

ఆ ఆర్ఎఫ్ విలువ గురించి నెల్లూరు వాళ్లకు ఒక హెచ్చరిక. సిలికా గాలిలోని తేమను తాగుతుంది. సముద్రం పక్కన ఉన్న ఊరు మనది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, వాయుగుండాలు ఉన్నప్పుడు పెట్టె తెరిచిన ప్లేటు మీద చుక్కలు మామూలు కంటే పైకి పోతాయి. పుస్తకంలో ఒక విలువ ఉంటుంది, మన ప్లేటు మీద ఇంకొకటి వస్తుంది, కాలేజీ పిల్లలు ప్రయోగం చెడిందనుకుంటారు. వాడేముందు 110 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి, తేమ పీల్చే నీలి సిలికా గుళికలున్న డెసికేటరులో (గాలి చొరని గాజు డబ్బాలో) చల్లార్చుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. పెద్ద ల్యాబుల్లో ఇదే పరీక్షకు యంత్రాలతో నడిచే రూపమైన హెచ్‌పీటీఎల్‌సీ చేసేటప్పుడు ప్లేటు చుట్టూ తేమను 33 శాతం దగ్గర కట్టిపెడతారు. మనకు అంత అక్కర్లేదు, నమూనా వేరు అదే ప్లేటు మీద పక్కనే ఎక్కుతుంటే తేమ రెండింటినీ ఒకేలా లాగుతుంది. పుస్తకంలోని అంకె కంటే పక్కనున్న చుక్కను నమ్మమనేది అందుకే.

ఈ ప్లేట్లు మాకు నిజంగా అక్కరకొచ్చింది ఇంకో మోసం దగ్గర. ఒక వ్యాపారి సుగంధిపాల అని గోతాలు దించాడు. వాసన కొట్టంతా కమ్ముకుంది. నాయన నాలుగు వేళ్లు విరిచి చూసి, "అమ్మాయ్, వాసన పైతొక్క మీదే ఉండాది, లోపల లేదు. ఇది ఉడికిన ఏరు మాదిరి ఉండాది, చూడు" అన్నాడు. అంటే షర్బత్ వాళ్లు కాచి సారం తీసుకున్న వేళ్లను మళ్లీ ఎండబెట్టి తెచ్చారని ఆయన అనుమానం. ప్లేటు పెట్టా. నమూనా వేరు వరుసలో పైనున్న వాసన చుక్క నల్లగా, స్పష్టంగా ఉంది. ఆ సరుకులో అదే ఎత్తున ఉందా లేదా అన్నట్టుంది. ఊదారంగు చుక్కలు మాత్రం రెండింటిలోనూ దాదాపు సమానం. వేళ్లను నీళ్లలో కాస్తే వాసన పదార్థం ఆవిరితో పోతుంది, లుపియోల్ నీళ్లలో కరగదు కాబట్టి వేరులోనే ఉండిపోతుంది. ప్లేటు మీద కనిపించింది సరిగ్గా అదే. దానికి తోడు బాగా కింద, నమూనాలో లేని నల్ల చుక్క ఒకటి. వెనిలా వాసననిచ్చే వెనిలిన్ కొని పక్కన పెట్టి చూస్తే ఎత్తు కలిసింది, ఆనిసాల్డిహైడ్ చల్లాక రంగూ కలిసింది. అంటే పోయిన వాసనకు బదులు పైన వెనిలిన్ చల్లారన్నమాట.

ఇక్కడున్న రసాయనం ఎంత ముచ్చటగా ఉంటుందో చూడండి. వెనిలిన్, సుగంధిపాల వాసన పదార్థం, రెండింటిలోనూ ఎనిమిది కార్బన్లు, ఎనిమిది హైడ్రోజన్లు, మూడు ఆక్సిజన్లు. అణుభారం రెండింటికీ 152. అణువుల బరువు చూపే ఖరీదైన మాస్ స్పెక్ట్రోమీటరులో కూడా బరువొక్కటే చూసుకుంటే రెండూ ఒకటే. తేడా అంతా గుంపులు కూర్చున్న చోటులో ఉంది, ప్లేటు మీద ముఖ్యమైంది హైడ్రాక్సిల్ (ఓహెచ్) గుంపు చోటు. సుగంధిపాల పదార్థంలో అది ఆల్డిహైడ్ పక్కనే ఉండి, దాని చేయి పట్టుకుని లోపలికి ముడుచుకుంటుంది. సిలికాకు పట్టు దొరకదు, ద్రావకంతో పాటు పైకి వెళ్లిపోతుంది. వెనిలిన్‌లో ఆ గుంపు ఆల్డిహైడ్‌కు ఎదురు చివర ఉంటుంది, సిలికా దాన్ని గట్టిగా పట్టి కిందే ఆపేస్తుంది. అణువు లోపలి ఇంత చిన్న తేడాను కత్తెరతో కోసిన రేకు ముక్క మన కళ్లముందు దూరదూరంగా విడదీసి చూపిస్తుంది. చదువుకునే రోజుల్లో ఈ పాఠం పరీక్ష కోసం రాశా, ఆ రోజు కొట్టులో మాత్రం మా డబ్బు కాపాడింది. గోతాలు వెనక్కి ఎక్కించాం.

నాయన విరిచి చెప్పింది, ప్లేటు చూపింది ఒకటే కావడం నాకు చాలా సంతోషం. వ్యాపారి ముందు నాయన "అట్టుండాది" అంటే "మీకట్ట అనిపించింది పెద్దాయనా" అని దాటేసేవాడు. ఫొటో పెట్టాక మారు మాట్లాడలేదు.

మిగతా వేళ్ల సంగతి త్వరగా చెబుతా. అశ్వగంధ పొడిలో ఆకు పొడి కలుపుతారు, ఎందుకంటే అశ్వగంధలో ఉండే వితాఫెరిన్ ఎ అనే పదార్థం వేరులో కంటే ఆకులో చాలా ఎక్కువ, అది మాత్రమే కొలిచే పరీక్షలో సరుకు బ్రహ్మాండంగా కనిపిస్తుంది. 366 దీపం కింద ప్లేటు పెట్టండి. క్లోరోఫిల్ ఎర్రగా మెరుస్తుంది. శుభ్రమైన వేరులో ఆ ఎరుపు ఉండదు. చల్లడాలు, వేడిచేయడాలు ఏమీ లేని పరీక్ష ఇది, అశ్వగంధ కొనేవాళ్లు దీనికోసమైనా దీపం కొనుక్కోవాలి.

చిత్రమూలంలో ప్లంబాజిన్ అనే పసుపు పదార్థం. మామూలు వెలుతురులోనే పసుపు చుక్క కనిపిస్తుంది, మిథనాల్‌లో కరిగించిన కాస్టిక్ పొటాష్ చల్లితే ఎర్రగా, ఊదాగా తిరుగుతుంది. ప్లంబాజిన్ ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతాయి, చేతి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు. ఇక్కడ కూడా ఆ ఒక్క చుక్క తెల్ల చిత్రమూలాన్ని, ఎర్ర చిత్రమూలాన్ని విడదీయలేదు, రెండింటిలోనూ ప్లంబాజిన్ ఉంటుంది. మళ్లీ వరుస మొత్తం చూడాల్సిందే.

చిరివేరు కూడా ఒకసారి పెట్టి చూశా. మన తీరం ఇసుక నేలల్లో పెరిగే మొక్క అది, కలంకారీ ఎరుపుకు దాని వేరే ఆధారం, ఆ ఎరుపునిచ్చే పదార్థం అలిజరిన్. 1868లో జర్మనీలో రసాయన శాస్త్రవేత్తలు గ్రేబే, లీబర్‌మన్ అలిజరిన్‌ను కృత్రిమంగా తయారుచేశాక ఇట్టాంటి వేళ్ల సాగు, వ్యాపారం ప్రపంచమంతా దెబ్బతిన్నాయి. ప్లేటు మీద అలిజరిన్ చుక్క మీద క్షారం పడగానే ఊదారంగు వస్తుంది. ఎరుపునిచ్చే ఇంకో వేరు మంజిష్ఠలో ఎక్కువగా ఉండేవి పర్పురిన్, మంజిస్టిన్ అనే రంగు పదార్థాలు, అందుకే దాని వరుస వేరుగా వస్తుంది. సహజ రంగులంటూ మంజిష్ఠ, చిరివేరు ఒకదాని బదులు ఒకటి కొంటున్న అద్దకం వాళ్లకు ఈ ప్లేటు నేను గట్టిగా సిఫారసు చేస్తా.

ఈ పరీక్ష పుట్టిందే మూలికల కోసం. 1938లో ఉక్రెయిన్ నగరం ఖార్కివ్‌లో ఇజ్మైలోవ్, ష్రైబర్ అనే ఇద్దరు మొక్కల టింక్చర్లను, అంటే ఆల్కహాలులో తీసిన సారాలను త్వరగా తేల్చుకోవడానికి గాజు మీద పలచటి పూతతో మొదలుపెట్టారు. 1950ల్లో జర్మన్ శాస్త్రవేత్త ఈగాన్ స్టాల్ దానికి ఒక క్రమం తెచ్చాడు. కాబట్టి ఇది పెద్ద ఫ్యాక్టరీల వస్తువు, మన కొట్లకెందుకు అని వెనక్కి తగ్గొద్దు.

దీనితో కాని పనులు కూడా చెప్పాలి. ఎంత శాతం ఉందో కంటితో తేలదు, దానికి ద్రావకాన్ని గొట్టంలోంచి ఒత్తిడితో పంపి కొలిచే హెచ్‌పీఎల్‌సీయో, స్కానరున్న హెచ్‌పీటీఎల్‌సీయో కావాలి. పురుగుమందులు, సీసం, పాదరసం లాంటివి ఇందులో కనిపించవు. చల్లింది వెనిలిన్ కాకుండా ల్యాబులో తయారైన అసలు సుగంధిపాల పదార్థమే అయితే చుక్క ఎత్తు, రంగు రెండూ కలుస్తాయి, ప్లేటు మోసపోతుంది. అప్పుడు వేరును విరిచి చూసే నాయన లాంటి వాళ్లే దిక్కు.

ప్లేటుతో పాటు పడే ఖర్చుల్లో అతినీలలోహిత దీపం ముఖ్యం. 254, 366 రెండూ ఉన్నదే తీసుకోండి. 254 వెలుగు కళ్లను దెబ్బతీస్తుంది, దానికి తగిన కళ్లద్దాలు లేకుండా చూడొద్దు. టొలీన్ ఆవిరి పీల్చకూడదు, గదికి బయటికి గాలి లాగే ఫ్యాన్ ఉండాలి, పొయ్యి దగ్గర అస్సలు వద్దు. ఇంట్లో వంటగదిలో చేద్దామనుకునే వాళ్లకు నా సలహా, వద్దు. పక్కనే ఫార్మసీ కాలేజీ ఉంటే అక్కడి పిల్లలకు ప్రాజెక్టుగా ఇవ్వండి, వాళ్లకు నేర్చుకున్నట్టుంటుంది, మీకు జవాబు దొరుకుతుంది.

నా మార్కులు ఐదుకు నాలుగున్నర. తగ్గించిన అర, 5 సెంటీమీటర్ల ముక్కలు కోసేటప్పుడు రాలే అంచుల గురించి. ఆన్‌లైన్‌లో ధర తక్కువని ఒక అమ్మకందారు దగ్గర కొంటే సీలు తెరిచిన పెట్టె వచ్చింది, రేకుల మూలలు వంగి ఉన్నాయి. అప్పటి నుంచి బిల్లు, లాట్ నంబరు ఇచ్చే డీలరు దగ్గరే తెప్పిస్తున్నాం. పెట్టె రాగానే సీలు చూసి, ఒక రేకును 254 దీపం కింద పెట్టి పచ్చదనం అంతటా సమంగా ఉందో లేదో చూసుకోండి. ఏడాదికి పెట్టె ఖర్చు కాని చిన్న కొట్ల వాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి తీసుకుంటే మంచిది. స్టోన్‌హౌస్‌పేట వైపు వచ్చినప్పుడు అడిగితే సుగంధిపాల, మారెడు గడ్డ నమూనా వేళ్లు తలా కొంచెం ఇస్తా. సీసా మీరే తెచ్చుకోండి, ప్లాస్టిక్ కవరులో పెడితే వాసన నిలవదు.